పాలసీసా కొలత

పాత ఇనప సామాన్ల ఆటో వీధిలో ఆగేసరికి పావని కూతురికి జడ వేస్తోంది. పెరట్లో ఏదో ఈడుస్తున్న చప్పుడు విని, రిబ్బను ముడి పడకుండానే పిల్లని వదిలేసి లేచింది. అప్పటికే ఇద్దరు మనుషులు పశువుల పాకలోంచి యెజ్డీ మోటారు సైకిల్ని బయటికి లాగుతున్నారు. టైర్లలో గాలి లేదు, వెనక చక్రం తిరగడం లేదు. పెరటి మట్టిలో నాగలి చాలు లాంటి గీత పడుతోంది. మావగారు సత్యనారాయణగారు పాక గుంజకి చెయ్యి ఆనించి, బండి వంక కాకుండా ఆ గీత వంకే చూస్తున్నారు.

పావని వెళ్ళి హ్యాండిలు పట్టుకుంది.

“దీన్ని ఇవ్వద్దండి మావయ్యగారూ. నేను బాగుచేసుకుంటాను,” అంది.

ఆటో మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. సత్యనారాయణగారు నవ్వలేదు. ఏడాదిగా ఆ ఇంట్లో కోడలు నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అదేనని ఆయనకి తెలుసు. వంటింటి కిటికీ వైపు ఓసారి చూశారు. కిటికీ అవతల అత్తగారు మాణిక్యాంబ నిలబడి ఉందనీ, ఆటోని పిలిపించింది ఆవిడేననీ పావనికి వేరే చెప్పక్కర్లేదు. సంవత్సరీకం లోపల ఆ బండి గడప దాటిపోవాలని, కొడుకుని మింగినదాన్ని పెరట్లో పెట్టుకుని కొడుక్కి పిండం ఎలా పెడతామని ఆవిడ కొన్నాళ్ళుగా అంటూనే ఉంది.

“ఏడాది దగ్గర పడిందమ్మా,” అన్నారు సత్యనారాయణగారు. “ఈలోగా కదిలితే కదిలింది. లేకపోతే మీ అత్తయ్య మాట ప్రకారం పంపించేద్దాం.”

పోయిన ఆశ్వయుజంలో పావని భర్త ఉదయభాస్కర్ ఆ బండి మీదే పిఠాపురం డ్యూటీకి వెళుతూ లాకుల మలుపులో కాలువలో పడ్డాడు. మనిషిని సాయంత్రానికి తీశారు, బండిని మర్నాడు తీశారు. ఎందుకు పడ్డాడో కనుక్కోవడానికి మాత్రం ఊరికి అంతసేపు పట్టలేదు. పొద్దున్నే మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నారు, ఆ కోపంలో అతను బండి తోలేశాడు, అంతే. పోట్లాట నిజమే. భాస్కర్ సెల్ టవర్ల టెక్నీషియనే గాని మెకానిక్కు కాదు. ఎవరి పాకలోనో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న యెజ్డీని కొనుక్కొచ్చి, సెలవు దొరికినప్పుడల్లా విప్పి, బిగించి, టాంకుకి వంకాయ రంగు వేసి, హ్యాండిలు ఎత్తుచేసి, దాన్ని రోడ్డు మీదికి తెచ్చాడు. పెట్రోలులో ఆయిల్ కలిపి పొయ్యాల్సిన పాతకాలపు ఇంజను అది. లీటరుకి నలభై మిల్లీలీటర్లు. ఆ కొలతకి అతను కూతురు దుర్గాశ్రీ పాలసీసా తీసుకున్నాడు, దాని మీద గీతలుంటాయి కనక. పిల్ల పాలసీసా మానేసి రెండేళ్ళయింది కదా అని అతని వాదన. పిల్ల నోట పెట్టుకున్న సీసాలో ఆ కంపు నూనె ఏంటని ఆమె వాదన. ఆ పొద్దున్న అతని చేతిలోంచి సీసా లాక్కుంది. లాక్కుని, “పెళ్ళాం పిల్లా ఎందుకు మీకు, ఆ బండితోనే పొండి,” అంది.

బయటికి వెళుతున్న మనిషిని పొమ్మనకూడదు. ఎంత ఒళ్ళు మండినా వెళ్ళిరండి అనాలి. ఇంటి చూరు మీద తథాస్తు దేవతలు తిరుగుతుంటారని మాణిక్యాంబ కోడలు కాపురానికి వచ్చిన కొత్తలోనే చెప్పింది. పావని పొమ్మంది, అతను పోయాడు. ఆ రోజునుంచి మాణిక్యాంబ కోడలితో మాట్లాడలేదు. తిట్టలేదు, పుట్టింటికి వెళ్ళమనలేదు, వేళకి పళ్ళెంలో అన్నం పెట్టి పక్కకి తిరిగిపోయేది. తిలాపాపం తలా పిడికెడు అంటారు గాని, ఆ ఇంట్లో మాత్రం పిడికెళ్ళన్నీ పావని పళ్ళెంలోనే పడ్డాయి. ఆమెకీ అది అన్యాయం అనిపించలేదు. అతన్ని తనే చంపానని ఆమె కూడా నమ్మింది. ఆ బండి శబ్దం మళ్ళీ ఒక్కసారి వింటే, దాన్ని అతను వదిలినచోటికి తీసుకురాగలిగితే, కాస్తయినా ఊపిరాడుతుందేమోనని ఆమె ఆశ.

*

పావని టీచరుగా చేసే స్కూలు వదిలాక సామర్లకోటనుంచి ఆటోలో ఇంటికొచ్చి, చీర మార్చుకుని పాకలో కూర్చునేది. మంచం కింద భాస్కర్ పనిముట్ల పెట్టె అలాగే ఉంది. స్పానర్లు ఒక పాత తువ్వాల్లో వరస తప్పకుండా చుట్టి ఉన్నాయి. ఫోనుని గేదెలు మేత తినే గాట మీద నిలబెట్టి వీడియోలు చూసేది. చెప్పేవాళ్ళది తమిళమో హిందీయో, మాట ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. వాళ్ళ చేతుల వంకే చూసేది. ఏ నట్టు ముందు విప్పారో, విప్పినదాన్ని ఎక్కడ పెట్టారో చూసి అలాగే చేసేది.

మొదట కడగడానికే ఒక సాయంత్రమంతా పట్టింది. ఇంజను రెక్కల మధ్య కాలువ బురద ఎండి రాయైపోయింది. పాత టూత్ బ్రష్షుతో గీకుతుంటే చిన్నచిన్న నత్తగుల్లలు రాలాయి. దుర్గాశ్రీ వాటిని ఏరి కొబ్బరి చిప్పలో పోసుకుంది. నాన్న బండిలో గవ్వలు ఎవరు పెట్టారని అడిగింది. కాలువ పెట్టిందని చెప్పింది పావని. పిల్ల ఆ జవాబుతో తృప్తిపడి వెళ్ళిపోయింది గాని, పావని చాలాసేపు బ్రష్షు పట్టుకుని ఊరికే కూర్చుంది.

యెజ్డీకి గేరు రాడ్డే కిక్కు రాడ్డు. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు అవుతుంది. తిప్పి కాలితో తొక్కింది. గోడని తొక్కినట్టుంది. ప్లగ్గు విప్పి ఆ కన్నంలో డీజిలు పోసి వదిలేసింది. మర్నాడు తొక్కినా అంతే. ఇంజను నెత్తి మీద నాలుగు నట్లున్నాయి. మూడు వచ్చాయి. నాలుగోదాని అంచులు అరిగిపోయి స్పానరు జారి, ఆమె కణుపులు చెక్కుకుపోయాయి. నీళ్ళ కుండలో చెయ్యి ముంచి, పైటకొంగు చుట్టుకుని మళ్ళీ పట్టింది.

వీధినపోయేవాళ్ళు దడి మీదనుంచి తొంగి చూసి, టీచరుగారు షెడ్డు పెట్టారంట, మా మోపెడ్డు కూడా తెస్తాం అని హాస్యమాడేవారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈ ఊరి నోరు మంచిదే గాని మూతపడదు. మొగుడున్నప్పుడు ఆ బండిని ఆడిపోసుకుందనీ, ఇప్పుడు దాన్నే పట్టుకుని కూర్చుందనీ వెనకాల అనుకునే మాటలు కూడా దడి దాటి వస్తూనే ఉండేవి. పావని తల ఎత్తేది కాదు.

సార్వా వరి చేలకి సుడిదోమ పురుగు పట్టిన రోజులవి. సత్యనారాయణగారు రోజూ పొద్దున్నా సాయంత్రం పవర్ స్ప్రేయరు వీపున వేసుకుని చేనుకి వెళ్ళేవారు. వెళ్ళేముందు పాక చూరు కింద కూర్చుని, నీళ్ళ సీసాలో పెట్రోలు పోసి, దాంట్లో కాస్త ఆయిల్ వంచి, మూతపెట్టి గిలకొట్టి స్ప్రేయరులో పోసేవారు. పోస్తూ కోడలి పని చూసేవారు. ఏమీ అడిగేవారు కాదు. నాలుగో నట్టు మీద ఆమె చెయ్యి రెండోసారి చెక్కుకుపోయినప్పుడు మాత్రం సీసా పక్కన పెట్టి లేచొచ్చారు. పైపు ముక్క ఒకటి స్పానరు పిడికి తొడిగి, తన చెయ్యి ఆమె చేతికి తగలకుండా జాగ్రత్తగా చివరన పట్టుకుని, బరువంతా వేసి లాగారు. నట్టు కిర్రుమని కదిలింది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని చేనుకి వెళ్ళిపోయారు.

నెత్తి మూత తీస్తే లోపల పిస్టన్ సగందాకా దిగి ఇరుక్కుని ఉంది. సరుగుడు కర్ర ముక్క ఆనించి సుత్తితో మెల్లగా కొట్టింది. మళ్ళీ డీజిలు పోసి, మర్నాటిదాకా ఆగి, మళ్ళీ కొట్టింది. ఒక సాయంత్రం కర్ర కింద ఏదో గింజంత కదిలినట్టనిపించింది. ఆ రోజు నూనె మరకలు పోని వేళ్ళతోనే గబగబా అన్నం తింది. మాణిక్యాంబ అది చూసి కూడా చూడనట్టు మజ్జిగ పోసింది. రెండు రోజులకి సిలిండరు పైకి ఊడి వచ్చింది. పిస్టన్ తుప్పు రంగు డీజిలులో తడిసి, నూనె దీపం కుందిలా ఉంది. పొడి గుడ్డతో తుడిచింది. దాని పక్కన పైనుంచి కిందికి లోతుగా గీతలున్నాయి.

*

సామర్లకోట స్టేషన్ రోడ్డులో ఐజాక్‌కి చిన్న లేత్ షెడ్డు ఉంది. యెజ్డీకి కావలసిన పనులన్నీ భాస్కర్ అతని దగ్గరే చేయించుకునేవాడు. పావని సంచిలోంచి సిలిండరు, పిస్టన్ తీసి బల్ల మీద పెడితే, ఐజాక్ లేత్ ఆపేసి చేతులు తుడుచుకున్నాడు. బండి కాలువలోంచి తీసిన రోజు గట్టు మీద నిలబడ్డవాళ్ళలో అతనూ ఒకడు.

సిలిండరుని వెలుగుకేసి పట్టుకుని లోపలికి చూశాడు. గోరుతో తడిమాడు.

“ఇది నీళ్ళ వల్ల కాదు చెల్లెమ్మా,” అన్నాడు. “నీళ్ళకి తుప్పు పడితే చుట్టూ ఒకేలా పడుద్ది. ఈ గీతలు చూడు. ఆయిల్ లేక ఎండిపోయి, వేడికి పిస్టన్ గోడకి పట్టేసింది. నడుస్తున్న బండికి అలా పట్టేస్తే వెనక చక్రం కట్టేసినట్టు ఆగిపోద్ది. మలుపులో అలా అయితే ఎంత తోలేవాడైనా నిలబడలేడు.”

కోపంతో తోలలేదా అని అడిగింది పావని. తోలి ఉంటే ఉండొచ్చు గాని, పడింది మాత్రం దీని వల్లేనని చెప్పాడు ఐజాక్. నెమ్మదిగా తోలినా పడేవాడేనన్నాడు.

పావని అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది. ఏడాదిగా గుండెల మీద ఉన్న బండరాయిని ఎవరో ఇటు నుంచి అటు జరిపినట్టయింది. మాట చంపలేదు. దేవతలెవరూ తథాస్తు అనలేదు. కన్నీళ్ళు వచ్చాయి. ఐజాక్ మొహం తిప్పుకుని, పక్క కొట్టునుంచి టీ తెప్పించాడు.

టీ గ్లాసు సగంలో ఉండగా ఆమెకి సీసా గుర్తొచ్చింది. భాస్కర్ పెట్రోలులో ఆయిల్ కలపడం ఎన్నడూ మరిచిపోలేదు. దేవుడి దగ్గర దీపం మరిచిపోయినా అది మరిచిపోడు. ఆ పొద్దున్న కలపడానికే సీసా తీశాడు. దాన్ని లాక్కుంది తను. కొలత సీసా లేక, పోట్లాట పెంచడం ఇష్టం లేక, ఈ ఒక్క పూటకీ ఏమవుతుందిలే అని ఒట్టి పెట్రోలుతో వెళ్ళిపోయి ఉంటాడు. మాటతో చంపానని ఇన్నాళ్ళూ అనుకుంది. మాటకైతే ఎవరో ఒకరు సర్దిచెప్పగలరు. ఇది చేత్తో చేసిన పని. గోరుచుట్టు మీద రోకటిపోటు పడ్డట్టయింది.

ఐజాక్ గీతలు పోయేలా సిలిండరు బోరు చేసి, రాజమండ్రి నుంచి కొత్త పిస్టన్ తెప్పిస్తానన్నాడు. కొత్త పిస్టన్ కనక కొన్నాళ్ళు మెల్లగా తోలాలని, ఆయిల్ మరో చుక్క ఎక్కువే పొయ్యాలని చెప్పాడు. పావని అన్నిటికీ తల ఊపింది. ఏం విన్నదో ఆమెకే తెలియదు.

*

అయినా పని ఆపలేదు. ఆపితే ఆలోచించాలి, ఆలోచించే ధైర్యం లేదు. సామాన్లు వచ్చేలోగా సీటు పని పట్టింది. భాస్కర్ పొడుగు మనిషి, సీటుని తనకి తగ్గట్టు ఎత్తుగా కుట్టించుకున్నాడు. ఒకసారి కాలువ గట్టు మీద ఆమెని ఎక్కించి గేర్లు నేర్పబోతే, ఆమె కాళ్ళకి నేల అందక ఇద్దరూ కలిసి గడ్డిలో పడి, పడ్డచోటే నవ్వుకున్నారు. పావని సీటు తోలు విప్పి, లోపలి ఫోము కత్తిపీటతో కోసి పల్చన చేసి, తిరిగి దబ్బనంతో కుట్టింది. ఎత్తు హ్యాండిలు వదులుచేసి తన చేతులకి అందేటంత కిందికి దించింది. అతను తీసి అటకమీద పడేసిన ఇనప క్యారియరు తెచ్చి వెనక బిగించింది. అతనుంటే తన అందమైన బండిని పాలబండి చేసేశావని గోల చేసేవాడు. ఆ గోల వినబడనందుకు ఆమెకి ఏడుపొచ్చింది.

సంవత్సరీకం ముందు రోజు సాయంత్రానికి అన్నీ బిగిశాయి. మాణిక్యాంబ అక్కగారు సంపూర్ణమ్మ పెద్దాపురం నుంచి ముందే దిగింది. అక్కచెల్లెళ్ళిద్దరూ వసారాలో కూరలు తరుగుతున్నారు. పావని అటకమీదనుంచి ఇంకో వస్తువు కూడా దించుకొచ్చింది. ఆ రోజు లాక్కుని, కోపంతో అటకమీదికి విసిరేసిన పాలసీసా. దాన్ని కడిగి, తుడిచి, గాట మీద పెట్టింది.

సత్యనారాయణగారు స్ప్రేయరుకి పెట్రోలు కలుపుకుంటూ ఆ సీసా వంక చూశారు. పక్కనే పాత పిస్టన్ పడి ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని, గీతల మీద బొటనవేలు రాశారు.

“ఇది ఇలా ఎందుకయిందమ్మా?” అన్నారు.

పావని చెప్పేసింది. ఐజాక్ చెప్పినదీ చెప్పింది, ఐజాక్‌కి చెప్పనిదీ చెప్పింది. సీసా తను లాక్కోబట్టే భాస్కర్ ఆయిల్ కలపలేదనీ, ఊరు అనుకుంటున్నదానికన్నా తన తప్పు పెద్దదనీ, రేపు కొడుక్కి పిండం పెట్టే తండ్రికి ఇది తెలిసి ఉండాలనీ చెప్పింది. చెబుతున్నంతసేపూ నేలవంకే చూసింది.

ఆయన పిస్టన్ని మరోసారి తిప్పి చూశారు.

“ఆయిల్ ఆ పొద్దే పొయ్యాలా? ముందు రోజు పోసి ఉంచితే సరిపోదా?”

“సరిపోతుందండి. టాంకులో ఉంటే చాలు.”

“ఒట్టి పెట్రోలుతో ఎంత దూరం నడుస్తుంది?”

“లాకులదాకా నడిచిందిగా అండి,” అంది పావని.

సత్యనారాయణగారు పిస్టన్ని దొరికినచోటే, దొరికినట్టే పెట్టేశారు. స్ప్రేయరు వీపున వేసుకోకుండానే చేనువైపు నడిచారు. మూత పెట్టని పెట్రోలు సీసా చూరు కిందే ఉండిపోయింది. తన మొహం చూడలేక వెళ్ళిపోయారనుకుంది పావని. లేచి సీసాకి మూత పెట్టింది. బండిలో పెట్రోలు పొయ్యడానికి ఆ పూట ఆమెకి చేతులు రాలేదు.

*

భాస్కర్‌కి కొడుకులూ తమ్ముళ్ళూ లేరు కనక మర్నాడు తండ్రే కర్తగా పీట మీద కూర్చున్నారు. తడి పంచె, వేలికి దర్భ ఉంగరం. పంతులుగారు గోత్రం చెప్పమన్నారు. వసారాలో దగ్గరి చుట్టాలు ఓ పదిమంది కూర్చున్నారు. పావని దూరంగా వంటింటి గుమ్మం పక్కన విస్తరాకులు కడుగుతోంది. పిల్ల ఆమె కొంగు పట్టుకుని ఉంది.

సంపూర్ణమ్మ చెల్లెలి భుజం నిమురుతూ, అందరికీ వినబడేటట్టు నిట్టూర్చింది.

“నిక్షేపంలాంటి పిల్లాడు. ఆ పొద్దున్న ఆ నోరు కాస్త ఊరుకుని ఉంటే ఇవాళ ఈ పీట వెయ్యాల్సిన పనే లేదు.”

పావని కడుగుతున్న ఆకు మీద చేతులు ఆగలేదు. ఆ మాట ఆమెకి అలవాటే. సత్యనారాయణగారి చెయ్యి మాత్రం నువ్వుల పళ్ళెం మీద ఆగిపోయింది.

“ఒక్క నిమిషం ఆగండి పంతులుగారూ,” అన్నారాయన. “ఇది చెప్పకుండా నేను పెడితే వాడు ముట్టుకోడు.”

చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ రోజు తెల్లవారుజామున చేలో మందు కొడుతుంటే స్ప్రేయరులో పెట్రోలు అయిపోయింది. ఇంటికొచ్చి చూస్తే ఆయిల్ డబ్బా ఖాళీ. కొడుకు ముందు రోజు సాయంత్రమే బండి టాంకులో కొలిచి కలిపి పెట్టుకున్నాడు; పొద్దున్న సీసా చేతిలోకి తీసుకుంది కడిగి దాచడానికే. స్ప్రేయరుకి కావలసిందీ అలాంటిదే కదా అని పైపు పెట్టి దాన్నంతా తీసేసుకున్నారు. వాడు దారిలో ఆగిపోకూడదని కిల్లీకొట్టునుంచి సీసాల పెట్రోలు తెచ్చి బండిలో పోశారు. ఒట్టి పెట్రోలు.

“ఆ ఆయిల్ సంగతి వాడితో చెబుదామని పాకదాకా వచ్చాను,” అన్నారు. “ఇద్దరూ మాటామాటా అనుకుంటున్నారు. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటుంటే మావగారు మధ్యలోకి ఎలా వెళతాడు? పాక వెనకాల నిలబడి దగ్గాను. వాళ్ళకి వినబడలేదు. ఒక్క పూటకి ఏం కాదులే, సాయంత్రం చెబుదాంలే అనుకున్నాను. నేను ముందుకొచ్చేసరికి బండి వంతెన దాటిపోయింది.”

పంతులుగారు కళ్ళు దించుకున్నారు.

“దానివల్ల పడ్డాడని నాకు నిన్నటిదాకా తెలియదు. నిన్న అమ్మాయి తప్పంతా తనదేనని నాతో చెప్పుకుంది. నేను ఊరుకుంటే సరిపోయేది. ఊరుకుందామనే అనుకున్నాను,” అన్నారు సత్యనారాయణగారు. “ఇంక కానివ్వండి పంతులుగారూ.”

పావని చేతిలో ఆకు చినిగిపోయింది. ముందుగా ఆమెకి కలిగింది ఏంటో ఆమె ఎవరికీ చెప్పుకోలేదు గాని, అది కోపం. పాక వెనకనుంచి నాలుగడుగులు ముందుకు వేసి ఉంటే, మర్యాద ఒక్క క్షణం పక్కన పెట్టి, ఒరే భాస్కరూ అని ఒక్క కేక వేసి ఉంటే. ఆ తర్వాత, తనూ అతనూ ఆ పొద్దున్న అంత గట్టిగా అరుచుకోకుండా ఉంటే అనిపించింది. ఆ ఆలోచనకి చివర కనబడలేదు.

తంతు పూర్తయింది. భోక్తలు తిని వెళ్ళారు. మాణిక్యాంబ విస్తర్లు వేయించి చుట్టాలందరికీ స్వయంగా వడ్డించింది. ఒక విస్తరి పక్కన పెట్టి, ఏడాది తర్వాత మొదటిసారి కోడలి మొహంలోకి చూసి, “కూర్చో,” అంది. గొంతులో కోపం లేదు, ప్రేమా లేదు, అలసట ఉంది. పావని కూర్చోబోతూ వరస చూసింది. మావగారి విస్తరి లేదు. నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ ఆయన కూడా అది చూశారు. చూసి, పంచె పిండుకుని, ఎవరితోనూ చెప్పకుండా పెరటి దారిన వెళ్ళిపోయారు.

పిలిచే గొంతు లేని అన్నం ఎలా దిగుతుందో ఆ ఇంట్లో పావనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. విస్తరి ముందునుంచి లేచి, గూట్లోంచి క్యారేజీ గిన్నెలు దించింది. అన్నం, పప్పు, కంద కూర, పరమాన్నం సర్దింది. మాణిక్యాంబ గరిటె పట్టుకుని చూస్తూ నిలబడింది.

“మావయ్యగారికండి,” అంది పావని. “కర్త తినకపోతే ఏడాది తీరదు కదండి.”

మాణిక్యాంబ గరిటె పక్కన పెట్టింది. పైగిన్నె మూత తీసి, రెండు గారెలు పెట్టి, మళ్ళీ మూత వేసింది.

పాకలోకి వెళ్ళి పావని పాలసీసా గాట మీద నిటారుగా నిలబెట్టి, కళ్ళు గీతకి సమంగా వంచి ఆయిల్ కొలిచింది. ఐజాక్ చెప్పినట్టు గీత దాటి మరో చుక్క పోసింది. పెట్రోలులో కలిపి, గిలకొట్టి, టాంకులో పోసింది. క్యారేజీ వెనక క్యారియరుకి తాడుతో కట్టింది. మొదటి కిక్కుకి దగ్గింది, రెండోదానికి అదీ లేదు. చీర కుచ్చిళ్ళు బిగించి మళ్ళీ తొక్కింది. పాక నిండా నీలం పొగ కమ్మి, ఆ బండి తనకి అలవాటైన గొంతుతో పలికింది. వసారాలో తింటున్నవాళ్ళు ముద్దలు ఆపి లేచి నిలబడ్డారు. దుర్గాశ్రీ నాన్న బండి అని గట్టిగా అంది. ఎవరూ దాని నోరు మూయలేదు.

గట్టు మీద మెల్లగా, రెండో గేరు దాటకుండా తోలింది. ఒకచోట ఇంజను ఆగిపోయి మళ్ళీ తొక్కాల్సి వచ్చింది. వంతెన మీద భయం వేసింది గాని ఆపలేదు.

సత్యనారాయణగారు చేని గట్టున మోటారు పాక నీడలో కూర్చుని ఉన్నారు. ఆ శబ్దం దూరం నుంచే విని లేచి నిలబడ్డారు. ఏడాది కిందట పాక వెనకాలనుంచి విన్న శబ్దం అదే. అప్పుడది దూరమైపోతూ ఉంది, ఇప్పుడు దగ్గరికొస్తోంది. భుజం మీది తువ్వాలు గడ్డిలో జారిపడినా ఆయనకి తెలియలేదు.

పావని రెండు కాళ్ళూ నేలకి ఆనించి బండి ఆపింది. క్యారేజీ విప్పి, అరిటాకు ముక్క పరిచి వడ్డించింది. తినండి అని బతిమాలలేదు. నా తప్పేమీ లేదులెండి, మీ తప్పేమీ లేదులెండి అన్న మాటలూ చెప్పలేదు. గట్టు మీద ఎదురుగా కూర్చుంది, అంతే. ఆయన ఆకు వంక ఓసారి చూసి, కాలువలో చెయ్యి కడుక్కొచ్చి, పప్పన్నం కలిపారు. మొదటి ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది.

“ఆయిల్ కలిపావామ్మా?” అని అడిగారు.

“కలిపానండి,” అంది పావని. “మీరు తినండి.”